సాఫ్ట్‌వేర్ 'ఎంత బాగా' పనిచేయాలి? కొలతలకు బస్తర్ పెడుతున్న పరీక్ష

రేషన్ దుకాణంలోని ఈ-పాస్ యంత్రం కార్డుదారుని గుర్తించాలి, తూకం వేసిన బియ్యాన్ని లెక్కలో చేర్చాలి, రసీదు ఇవ్వాలి. ఈ మూడు పనులూ చేయగల సాఫ్ట్‌వేర్‌ను తయారు చేయడం నేటి ఇంజినీర్లకు కష్టమేమీ కాదు. అదే యంత్రం సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న అటవీ గ్రామంలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, జీవితమంతా మట్టిపని చేసి వేలిరేఖలు అరిగిపోయిన వృద్ధురాలి ముందు కూడా ఆ మూడు పనులూ చేయగలదా అన్నది వేరే ప్రశ్న. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో మొదటి తరహా అవసరాలను 'ఫంక్షనల్' అవసరాలనీ, రెండో తరహా వాటిని 'నాన్-ఫంక్షనల్' అవసరాలనీ పిలుస్తారు. మొదటివి సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెబుతాయి. రెండోవి ఆ పనిని ఎంత వేగంగా, ఎంత నమ్మకంగా, ఎంత భద్రంగా, ఎవరెవరికి అందేలా చేయాలో చెబుతాయి.

నగరాల్లో రెండో తరహా అవసరాలు సరిగా రాయకపోయినా చాలాసార్లు బండి నడిచిపోతుంది. మంచి నెట్‌వర్క్, నిరంతర విద్యుత్తు, చదువుకున్న వినియోగదారులు ఆ లోపాన్ని కప్పిపుచ్చుతారు. ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్‌లో అలాంటి కప్పు ఏదీ ఉండదు. అక్కడ రాయని అవసరం నేరుగా ప్రజల మీద భారంగా పడుతుంది.

బస్తర్ పరిస్థితులు

1998లో విభజన జరిగే వరకు బస్తర్ ఒకే జిల్లాగా ఉండేది. దాని వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే కేరళ రాష్ట్రానికి దాదాపు సమానం. నేడు బస్తర్ డివిజన్‌లో బస్తర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్, నారాయణ్‌పూర్, కొండగావ్, కాంకేర్ అనే ఏడు జిల్లాలున్నాయి. గోండి, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ వంటి భాషలు ఇక్కడ వినిపిస్తాయి. సుక్మా జిల్లాలోని కోంటా ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. బీజాపూర్ జిల్లాలోని భోపాల్‌పట్నం వైపు తెలంగాణ దగ్గర. సంతకూ, ఆసుపత్రికీ, మిరప తోటల కూలికీ భద్రాచలం వైపు వచ్చేవారు అనేకులు. 2005 తర్వాతి హింసాకాండలో ఊళ్లు విడిచి గోదావరి పరిసర అడవుల్లో స్థిరపడిన కుటుంబాలూ ఉన్నాయి.

దశాబ్దాల సాయుధ ఘర్షణ, చెల్లాచెదురుగా ఉన్న ఆవాసాలు ఈ ప్రాంతంలో సమాచార సదుపాయాల విస్తరణను ఆలస్యం చేశాయి. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం కేంద్ర ప్రభుత్వం చేపట్టిన మొదటి దశ మొబైల్ టవర్లు 2జీ సేవలకే పరిమితమయ్యాయి. పది రాష్ట్రాల్లోని అలాంటి 2,343 టవర్లను 4జీకి మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. ఈ పరిస్థితుల్లో పనిచేయాల్సిన సాఫ్ట్‌వేర్‌కు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని ఊహించిన ప్రమాణాలు సరిపోవు.

దశాబ్దాల ప్రయత్నం, రెండు పేర్లు

సాఫ్ట్‌వేర్ నాణ్యతను మాటల్లో పొగడటం మాని అంకెల్లో చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికా శాస్త్రవేత్త బారీ బోయెమ్, ఆయన సహచరులు 1976లో నాణ్యతను పరిమాణాత్మకంగా అంచనా వేసే పద్ధతిని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది జిమ్ మెకాల్ బృందం మరో నమూనాను తెచ్చింది. హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థలో రూపొందిన వర్గీకరణ 1980లలో ప్రాచుర్యం పొందింది. ఈ కృషి చివరకు అంతర్జాతీయ ప్రమాణాల రూపం దాల్చింది.

2011లో వెలువడిన ఐఎస్‌ఓ/ఐఈసీ 25010 ప్రమాణం సాఫ్ట్‌వేర్ నాణ్యతను ఎనిమిది లక్షణాలుగా విభజించింది. అవి: ఉద్దేశించిన పనికి తగినట్లుండటం, పనితీరు సామర్థ్యం, ఇతర వ్యవస్థలతో పొసగడం, వినియోగ సౌలభ్యం, విశ్వసనీయత, భద్రత, నిర్వహణ సౌలభ్యం, ఒక వేదిక నుంచి మరో వేదికకు తరలించగలగడం. వీటిలో మొదటిది మినహా మిగిలినవన్నీ నాన్-ఫంక్షనల్ అవసరాల కోవలోకే వస్తాయి. 2023లో ఈ ప్రమాణాన్ని సవరించినప్పుడు తొమ్మిదో లక్షణాన్ని చేర్చారు. అది మనుషులకు హాని కలగకుండా చూసే రక్షణ. సమాచారాన్ని కాపాడే భద్రత వేరు, మనిషిని కాపాడే రక్షణ వేరు అని ఆ సవరణ స్పష్టం చేసింది. ఘర్షణ ప్రాంతంలో ఈ తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

'నాన్-ఫంక్షనల్' అన్న పేరుపై ఇంజినీర్లలోనే అసంతృప్తి ఉంది. ఆ మాట వింటే ఇవి అంత ముఖ్యం కానివన్న భావన కలుగుతుందని, అందుకే 'నాణ్యతా అవసరాలు' అనడమే మేలని పలువురి అభిప్రాయం. పేరు ఏదైనా, టెండరు పత్రాల్లో వీటికి దక్కే చోటు మాత్రం తరచూ చివరి పుటలే.

గొంతే వేదికైన చోట

పరిసరాలే సాఫ్ట్‌వేర్ అవసరాలను నిర్ణయించిన ఉదాహరణ బస్తర్‌కు సమీపంలోనే ఉంది. మధ్య భారత గిరిజన ప్రాంతాల ప్రజలు తమ సమస్యలను తమ భాషలో చెప్పుకునేందుకు 2010 ఫిబ్రవరిలో 'సీజీనెట్ స్వర' ప్రారంభమైంది. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి దీని వ్యవస్థాపకుడు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకులు సాంకేతిక సహకారం అందించారు.

దీనిలో తెర లేదు, మెనూ లేదు, చదవాల్సిన అక్షరం లేదు. సాధారణ మొబైల్ నుంచి ఒక నంబరుకు ఫోన్ చేసి, మాట రికార్డు చేయాలంటే ఒక మీట, ఇతరుల మాటలు వినాలంటే మరో మీట నొక్కితే చాలు. వచ్చిన సందేశాన్ని సంపాదకులు పరిశీలించి, సరిచూసిన తర్వాత విడుదల చేస్తారు. తర్వాతి కాలంలో మిస్డ్ కాల్ ఇస్తే వ్యవస్థే తిరిగి ఫోన్ చేసే పద్ధతి వచ్చింది. మొదటి 20 నెలల్లో 70 వేలకు పైగా ఫోన్ కాల్స్ రాగా, 1,100 సందేశాలు విడుదలయ్యాయని దీనిని అధ్యయనం చేసిన పరిశోధకులు నమోదు చేశారు.

ఈ రూపకల్పనలోని ప్రతి నిర్ణయం వెనుక ఒక నాణ్యతా అవసరం కనిపిస్తుంది. చదువు రానివారు కూడా వాడగలగాలన్నది వినియోగ సౌలభ్యానికి చెందినది. అతి చవక ఫోన్‌లో, 2జీ సిగ్నల్‌తోనే పనిచేయాలన్నది పొసగుదలకు చెందినది. మాట్లాడేవారి జేబుకు భారం కాకూడదన్న అవసరం నుంచి మిస్డ్ కాల్ పద్ధతి పుట్టింది. తప్పుడు సమాచారం వెళ్లకూడదన్న అవసరం నుంచి సంపాదకుల పరిశీలన వచ్చింది. ఈ చివరి అవసరానికి మూల్యం కూడా ఉంది: సందేశం వెంటనే వినిపించదు. అంటే విశ్వసనీయత కోసం వేగాన్ని కొంత వదులుకున్నారు. అలాంటి ఎంపిక తెలిసి చేస్తే అది రూపకల్పన అవుతుంది. తెలియకుండా జరిగితే లోపంగా మిగులుతుంది.

ఫోన్ సిగ్నల్ కూడా లేని ఊళ్ల కోసం ఇదే బృందం 'బుల్టూ రేడియో' అనే పద్ధతిని చేపట్టింది. బ్లూటూత్ అన్న మాటకు పల్లె నోట వచ్చిన రూపమే బుల్టూ. ఇంటర్నెట్ ఉన్న చోట కార్యక్రమాన్ని దించుకుని, ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు పంచుకుంటూ పోతారు. వేగం పరంగా చూస్తే ఇది చాలా నెమ్మది. ఖర్చు పరంగా, చేరే దూరం పరంగా చూస్తే మరే పద్ధతీ దీనికి సాటి రాకపోవచ్చు. 'మంచి వ్యవస్థ' అన్న మాటకు ఏ కొలబద్దతో అని అడగకుండా అర్థం లేదని ఈ ఉదాహరణ చెబుతోంది.

కొలిచేలా రాయడం ఎలా?

'వ్యవస్థ వేగంగా ఉండాలి', 'అందరికీ సులువుగా ఉండాలి', 'పూర్తి భద్రత కలిగి ఉండాలి' అన్న వాక్యాలు టెండరు పత్రాల్లో తరచూ కనిపిస్తాయి. వీటిని ఎవరూ కాదనలేరు. ఎవరూ పరీక్షించనూ లేరు. వేగంగా ఉందని గుత్తేదారు, లేదని అధికారి వాదిస్తే తీర్పు చెప్పగలిగే ఆధారం ఆ వాక్యంలో లేదు.

ఈ చిక్కుకు టామ్ గిల్బ్ అనే నిపుణుడు 1980ల నుంచి ప్రచారం చేస్తున్న విధానం సరళమైనది. ప్రతి నాణ్యతా అవసరానికీ కొన్ని అంశాలు రాయాలి. ఒకటి, కొలమానం: ఏ ప్రమాణంలో కొలుస్తాం? రెండు, కొలిచే పద్ధతి: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కొలుస్తారు? మూడు, ప్రస్తుత స్థితి: ఇప్పుడు ఎంత ఉంది? నాలుగు, కనీస హద్దు: ఎంతకంటే తగ్గితే వ్యవస్థను తిరస్కరిస్తాం? ఐదు, లక్ష్యం: ఎంత సాధిస్తే పని పూర్తయినట్లు?

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మరో మార్గం చూపింది. అవసరాన్ని ఒక చిన్న సన్నివేశంగా రాయాలన్నది దాని సూచన. సన్నివేశానికి ఆరు భాగాలు ఉంటాయి: ఎవరి వల్ల, ఏం జరిగింది, వ్యవస్థలో ఏ భాగంపై, ఏ పరిస్థితుల్లో, వ్యవస్థ ఎలా స్పందించాలి, ఆ స్పందనను దేనితో కొలవాలి.

ఈ రెండు పద్ధతులనూ కలిపి, బస్తర్‌లోని ఒక రేషన్ దుకాణానికి అన్వయిస్తే అవసరం ఇలా ఉండవచ్చు: 'సరుకుల పంపిణీ రోజుల్లో, 2జీ సిగ్నల్ మాత్రమే ఉన్న దుకాణంలో, కార్డుదారు వేలు పెట్టినప్పటి నుంచి రసీదు వచ్చే వరకు పట్టే సమయం ప్రతి 100 లావాదేవీల్లో కనీసం 95 సార్లు 20 సెకన్లు మించకూడదు. నెట్‌వర్క్ తెగిపోతే 30 సెకన్లలోపు యంత్రం ఆఫ్‌లైన్ పద్ధతికి మారాలి. గుర్తింపు విఫలమైన ప్రతి కార్డుదారుకూ అదే రోజు, అదే దుకాణంలో ప్రత్యామ్నాయ మార్గంలో సరుకు అందాలి. అందని ప్రతి సందర్భమూ కారణంతో సహా నమోదు కావాలి.' ఇందులోని అంకెలు ఉదాహరణ కోసమే. అసలు అంకెలను ఆ ఊరి పరిస్థితులు చూసి, అక్కడివారితో మాట్లాడి నిర్ణయించాలి. వాక్య నిర్మాణం మాత్రం పరీక్షకు నిలుస్తుంది.

99 శాతం అంటే ఎంత?

లభ్యతను శాతాల్లో చెప్పడం ఆనవాయితీ. 99 శాతం లభ్యత అనగానే దాదాపు సంపూర్ణమన్న భావన కలుగుతుంది. ఏడాది లెక్కన చూస్తే అది 87.6 గంటల అంతరాయం, అంటే మూడున్నర రోజులకు పైమాటే. 99.9 శాతమైతే 8 గంటల 46 నిమిషాలు. 99.99 శాతమైతే 53 నిమిషాల లోపు.

అసలు చిక్కు ఈ గంటలు ఎప్పుడు పడతాయన్న దాంట్లో ఉంది. 30 రోజుల నెలలో 720 గంటలుంటాయి. ఒక శాతం అంతరాయం అంటే 7.2 గంటలు. ఒక మారుమూల దుకాణం నెలలో నాలుగు రోజులు, రోజుకు ఆరు గంటల చొప్పున మాత్రమే తెరిచి ఉంటుందనుకుందాం. మొత్తం 24 గంటలు. ఆ 7.2 గంటల అంతరాయం సరిగ్గా ఆ సమయంలోనే వస్తే, కార్డుదారు అనుభవించే లభ్యత 70 శాతమే. సర్వర్ గదిలోని నివేదిక మాత్రం 99 శాతమని చూపుతూనే ఉంటుంది. పంపిణీ రోజుల్లో అందరూ ఒకేసారి వ్యవస్థను వాడటం వల్లే అంతరాయాలు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఇది కేవలం ఊహ అని కొట్టిపారేయలేం. లభ్యతను క్యాలెండరు గంటల్లో కాక సేవా వేళల్లో కొలవాలన్న నియమం అందుకే అవసరం.

గొలుసులోని లంకెలన్నీ లెక్కలోకి రావాలి. సర్వర్ 99.5 శాతం, నెట్‌వర్క్ 95 శాతం, యంత్రం 98 శాతం, విద్యుత్తు 90 శాతం సమయం అందుబాటులో ఉన్నాయని, ఒకదాని వైఫల్యంతో మరొకదానికి సంబంధం లేదని అనుకుందాం. నాలుగూ ఒకేసారి పనిచేస్తేనే సరుకు అందుతుందంటే, వాటి గుణకారమే అసలు లభ్యత. అది 83.4 శాతానికి దిగుతుంది. సర్వర్‌ను ఎంత మెరుగుపరచినా ఈ అంకె పెద్దగా కదలదు. మంచి బ్యాటరీ, ఆఫ్‌లైన్ సదుపాయం ఉంటే కదులుతుంది. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో సరైన కొలత ఇలా చూపుతుంది.

సగటు చెప్పే అబద్ధం

వేగాన్ని సగటుతో కొలిస్తే మరో మోసం జరుగుతుంది. వంద లావాదేవీల్లో 90 రెండేసి సెకన్లలో పూర్తయి, మిగిలిన 10కి ఒక్కో నిమిషం పట్టిందనుకుందాం. సగటు 7.8 సెకన్లు. ఈ సమయం నిజానికి ఏ ఒక్కరి అనుభవమూ కాదు. అందుకే ఇంజినీర్లు పర్సెంటైల్ లెక్కను ఆశ్రయిస్తారు. పై ఉదాహరణలో 95వ పర్సెంటైల్ 60 సెకన్లు. ఇబ్బంది పడుతున్నవారు ఆ అంకెలో కనిపిస్తారు.

భౌతిక సూత్రాలు విధించే హద్దులూ ఉన్నాయి. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని ద్వారా ఒక ప్రశ్న వెళ్లి జవాబు తిరిగి రావాలంటే సంకేతం ఆ దూరాన్ని నాలుగుసార్లు దాటాలి. కాంతి వేగంతో ప్రయాణించినా దాదాపు అర సెకను పడుతుంది. ఒక్క లావాదేవీ కోసం సర్వర్‌తో ఇరవైసార్లు సంభాషించేలా ప్రోగ్రాం రాస్తే, పది సెకన్లు ప్రయాణానికే సరి. ఆప్టికల్ ఫైబర్ మీద పరీక్షించినప్పుడు ఈ లోపం బయటపడదు. పది సెకన్లు దాటితే వేచి ఉండే మనిషి దృష్టి పని మీద నిలవదని వినియోగ సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ 1993లోనే హెచ్చరించారు.

వేలిముద్ర విఫలమైతే

కొలత తప్పితే మనుషులు నష్టపోతారనడానికి ఆధార్ ఆధారిత గుర్తింపు ప్రక్రియే పెద్ద ఉదాహరణ. 2016-17 ఆర్థిక సర్వే గుర్తింపు వైఫల్యాల అంచనాలను ప్రస్తావించింది. జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37 శాతం, గుజరాత్‌లో 6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లాలో 5 శాతం. అర్హులను గుర్తించలేకపోతే వారు పథకానికి దూరమవుతారని కూడా ఆ సర్వే హెచ్చరించింది.

ఈ అంకెలు చూడగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దేనిలో 5 శాతం? వేలు పెట్టిన ప్రతి ప్రయత్నంలోనా, ప్రతి మనిషిలోనా, ప్రతి కుటుంబంలోనా, నెల మొత్తంలోనా? ఒకే మనిషి నాలుగోసారి విజయవంతమైతే ప్రయత్నాల లెక్కన వైఫల్యం 75 శాతం, మనిషి లెక్కన సున్నా. ఈ హారాన్ని నిర్వచించకుండా ఇచ్చిన శాతంతో రెండు రాష్ట్రాలను పోల్చడం సాధ్యం కాదు.

మరో సూక్ష్మం కూడా ఉంది. నెలకు 5 శాతం మంది విఫలమవుతున్నారని అనుకుందాం. ఆ వైఫల్యం ప్రతి నెలా యాదృచ్ఛికంగా ఎవరో ఒకరికి ఎదురైతే, ఏడాదిలో కనీసం ఒకసారైనా ఇబ్బంది పడేవారు దాదాపు 46 శాతం. అలా కాక, వేళ్లు అరిగినవారే నెలనెలా విఫలమవుతుంటే, ఇబ్బంది పడేది 5 శాతం మందే, కానీ వారికి ఏడాది పొడవునా సరుకు అందదు. రెండు సందర్భాల్లోనూ నెలవారీ నివేదిక ఒకేలా ఉంటుంది. పరిష్కారాలు మాత్రం పూర్తిగా వేరు. మొదటిదానికి మెరుగైన నెట్‌వర్క్ కావాలి, రెండోదానికి వేలిముద్ర అవసరం లేని మార్గం కావాలి. అంత్యోదయ కుటుంబానికి నెలకు అందే ధాన్యం 35 కిలోలు. ఈ కొలతలోని పొరపాటు ఏ మేరకు ఖరీదైనదో ఆ అంకె చెబుతుంది.

ఆధార్ లేకపోవడం వల్లగానీ, బయోమెట్రిక్ గుర్తింపు విఫలం కావడం వల్లగానీ అర్హులకు రేషన్ నిరాకరించరాదని కేంద్ర ఆహార మంత్రిత్వ శాఖ 2017 అక్టోబరులో రాష్ట్రాలకు స్పష్టం చేసింది. ఇంజినీరింగ్ పరిభాషలో ఇది వైఫల్యాన్ని తట్టుకునే అవసరం. ఉత్తర్వుగా వెలువడిన ఈ అవసరం సాఫ్ట్‌వేర్‌లో ఒక మీటగా, దుకాణంలో ఒక రిజిస్టరుగా, నెలాఖరు నివేదికలో ఒక అంకెగా మారినప్పుడే అమలైనట్లు.

తెలుగు నేలపై జరిగిన కొలత

కొలత సాధ్యమేనా అన్న సందేహానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జవాబు దొరికింది. ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్ల చెల్లింపు కోసం తెచ్చిన బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులపై ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పెద్ద ఎత్తున అధ్యయనం చేశారు. ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో, సుమారు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో, ఏ మండలానికి ముందు, దేనికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించి ఫలితాలను పోల్చారు. 2016లో ప్రచురితమైన ఈ అధ్యయనం ప్రకారం ఉపాధి కూలీలకు ప్రతి చెల్లింపు అందుకోవడంలో సగటున 22 నిమిషాలు ఆదా అయ్యాయి. డబ్బు సుమారు 6 నుంచి 10 రోజులు ముందుగా చేతికందింది. రెండేళ్ల తర్వాత కూడా సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయన్న వాస్తవాన్ని కూడా అధ్యయనం దాచలేదు. కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపు కొనసాగడం వల్ల మార్పు దశలో వారు నష్టపోలేదు.

ఇక్కడ గమనించాల్సింది కొలిచిన చోటు. సర్వర్ స్పందన సమయాన్ని కాక, కూలీ నిలబడ్డ సమయాన్ని లెక్కించారు. నాణ్యతా అవసరానికి అంతిమ కొలమానం వినియోగదారు వైపే ఉండాలన్న సూత్రానికి ఇది మంచి నిదర్శనం.

భాష కూడా ఒక అవసరమే

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా ఉన్నవారు 29 లక్షలకు పైగా ఉన్నారు. ఈ భాషను ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కువగా దేవనాగరిలో, తెలంగాణలో తెలుగు లిపిలో రాస్తారు. సొంత లిపులూ ఉన్నాయి. బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసరామ్ 1918లో రూపొందించిన మసరామ్ గోండి లిపికి 2017లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగుచూసిన రాతప్రతుల లిపికి 2018లో ఆ గుర్తింపు వచ్చింది.

'గోండి భాషకు వీలు కల్పించాలి' అని ఒక పత్రంలో రాస్తే, ఏ లిపిలో, ఏ మాండలికంలో, చదవడానికా వినడానికా అన్న ప్రశ్నలు మిగిలే ఉంటాయి. ఈ రెండు లిపుల సంకేతాలూ యూనికోడ్‌లోని మొదటి 65,536 స్థానాల పరిధికి వెలుపల ఉన్నాయి. ప్రతి అక్షరమూ 16 బిట్లలో ఇమిడిపోతుందని భావించి రాసిన పాత ప్రోగ్రాంలు వీటిని చెడగొట్టగలవు. కాబట్టి పరీక్షించదగిన అవసరం ఇలా ఉండాలి: ఫలానా లిపిలో నమోదు చేసిన పేరు భద్రపరచి, వెతికి, ముద్రించిన తర్వాత కూడా అక్షరం మారకుండా రావాలి. తన పేరు కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉన్న మనిషికి ఈ నియమం విలువ తెలుసు.

సరిహద్దు దాటి వచ్చేవారి విషయంలో పొసగుదల కూడా కీలకం. 2022 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ 'ఒకే దేశం-ఒకే రేషన్ కార్డు' విధానంలో చేరింది. సుక్మా కార్డుతో భద్రాచలం దుకాణంలో సరుకు తీసుకోవాలంటే రెండు రాష్ట్రాల వ్యవస్థలు ఒకే తీరున సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలి. అలాంటి లావాదేవీలు ఎన్ని జరిగాయన్న అంకెతో పాటు, ఎన్ని ప్రయత్నించి విఫలమయ్యాయన్న అంకెనూ ప్రకటిస్తేనే పొసగుదల కొలిచినట్లు.

భద్రత, సౌలభ్యం మధ్య తూకం

నాణ్యతా లక్షణాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ప్రతి లావాదేవీకీ ఆన్‌లైన్ గుర్తింపు కోరితే అక్రమాలు తగ్గవచ్చు, సిగ్నల్ లేని ఊరు మాత్రం మినహాయింపుకు గురవుతుంది. ఆఫ్‌లైన్‌కు అనుమతిస్తే సరుకు అందుతుంది, దుర్వినియోగానికి కొంత సందు మిగులుతుంది. ఏ వైపు ఎంత మొగ్గాలన్నది ఇంజినీరు ఒక్కడే తేల్చాల్సిన విషయం కాదు. అది ప్రజావిధానం. అంకెలు ఎదురుగా ఉంటే ఆ చర్చ బాహాటంగా జరుగుతుంది.

ఘర్షణ ప్రాంతంలో గోప్యత మరింత సున్నితమైనది. ఫిర్యాదు చేసిన వ్యక్తి ఫోన్ నంబరు, ఊరు, గొంతు ఎవరి చేతికి చిక్కినా ప్రాణాపాయం కావచ్చు. 'సమాచారం భద్రంగా ఉంటుంది' అన్న హామీ ఇక్కడ చాలదు. ఏ వివరాన్ని అసలు సేకరించరు, సేకరించినదాన్ని ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు, ఎవరెవరు చూడగలరు, చూసిన ప్రతిసారీ నమోదవుతుందా అన్నవి కొలవదగిన షరతులు. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చిన తర్వాత ఇలాంటి షరతులకు చట్టబద్ధమైన ఆధారమూ ఏర్పడింది.

ఆలస్యమైతే ఏమవుతుంది?

నాణ్యతా అవసరాలను చివర్లో చూసుకుందామన్న ధోరణికి ప్రపంచం పలుమార్లు మూల్యం చెల్లించింది. 1992 అక్టోబరు 26న లండన్ అంబులెన్స్ సర్వీసు కొత్త కంప్యూటర్ వ్యవస్థను పూర్తిస్థాయిలో ప్రారంభించింది. కాల్స్ పెరిగే కొద్దీ అంబులెన్సుల జాడను వ్యవస్థ కోల్పోయింది. మరునాటికే సిబ్బంది పాక్షికంగా పాత పద్ధతికి మళ్లారు. నవంబరు 4న వ్యవస్థ పూర్తిగా ఆగిపోయింది. వాడిన మెమరీని విడిచిపెట్టని చిన్న ప్రోగ్రాం భాగం సర్వర్‌ను వారాల తరబడి నింపుకుంటూ పోయిందని విచారణలో తేలింది. అమెరికాలో 2013 అక్టోబరు 1న ప్రారంభమైన ఆరోగ్య బీమా వెబ్‌సైట్‌లో తొలిరోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురే. రెండు చోట్లా ఆ వ్యవస్థలు చేయాల్సిన పనులేమిటో అందరికీ తెలుసు. ఎంత రద్దీలో, ఎన్ని రోజులపాటు నిరాటంకంగా చేయాలన్నది తగినంతగా పరీక్షించలేదు.

మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలున్నాయి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే ఎస్‌టీక్యూసీ డైరెక్టరేట్ నాణ్యతా పరీక్షలు నిర్వహిస్తుంది. అయితే ప్రయోగశాలలో నెగ్గిన వ్యవస్థను వాడబోయే చోట మరోసారి పరీక్షించాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి. ఛత్తీస్‌గఢ్ ఈ విషయంలో అనుభవం లేని రాష్ట్రమేమీ కాదు. 2004లో రేషన్ దుకాణాలను ప్రైవేటు వ్యక్తుల నుంచి తప్పించి పంచాయతీలు, సహకార సంఘాలు, మహిళా బృందాలకు అప్పగించింది. 2007 నుంచి ధాన్యం సేకరణ, పంపిణీలను కంప్యూటరీకరించింది. సరుకు లారీ బయలుదేరగానే నమోదు చేసుకున్న పౌరులకు ఎస్‌ఎంఎస్ పంపే ఏర్పాటు చేసింది. సంఖ్యను ప్రజల చేతిలో పెట్టడమే ఆ ఎస్‌ఎంఎస్ చేసిన పని.

అడగాల్సిన ప్రశ్నలు

ఒక పంచాయతీ సభ్యుడు, ఒక పాత్రికేయుడు, ఒక జిల్లా అధికారి ఏ కొత్త వ్యవస్థ గురించి అయినా అడగదగిన ప్రశ్నలు కొన్నే. వేగం ఎంతని రాశారు, ఏ నెట్‌వర్క్ మీద కొలిచారు? లభ్యతను సేవా వేళల్లో లెక్కించారా? వైఫల్య శాతానికి హారం ఏమిటి? పదేపదే విఫలమవుతున్నది ఒకే మనుషులా? విఫలమైన రోజున వారు ఏం పట్టుకుని ఇంటికి వెళ్లారు? ఎవరి భాషలో, ఎవరి గొంతుతో పరీక్షించారు? కనీస హద్దు దాటకపోతే గుత్తేదారుకు బిల్లు ఆగుతుందా?

వీటికి అంకెల్లో జవాబు లభిస్తే ఆ వ్యవస్థలో నాణ్యతా అవసరాలు ఉన్నట్లే. జవాబు విశేషణాల్లో వస్తే, ఆ అవసరాలను ఇంకా ఎవరూ రాయలేదని అర్థం. అప్పటివరకు వాటి భారాన్ని దుకాణం ముందు వరుసలో నిలబడినవారే మోస్తుంటారు.